శుభం కార్డు చూడని మనిషి రాస్తున్న ఉత్తరం

నాన్నా,

మీ ఊరి సినిమా హాలు మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళు చెమర్చాయి, రెండోసారి ఆవలింత వచ్చింది, ఏమీ అనుకోకు. మీ ఊళ్ళో హాలు మూసేశారని, అక్కడిప్పుడు ఫంక్షన్ హాలు లేచిందని, తొమ్మిదో తరగతిలో క్లాసు ఎగ్గొట్టి వెళ్ళి ఈలలు వేశావని, ఆ రోజులే వేరని... అన్నీ నిజమే అయ్యుంటాయి. కానీ అందులో మీ ఊరి పేరు తీసేసి నరసరావుపేట అని పెట్టు, మదనపల్లె అని పెట్టు, ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. అదీ నా కంప్లయింటు.

హీరో ఎంట్రీకి కాయితాలు ఎగరేసిన సంగతి పేజీన్నర రాశావు కదా, అవన్నీ ఆట వదిలాక ఊడ్చిందెవరు? మా హాల్లో ఊడ్చే ఆవిడ పెద్ద హీరో సినిమా వచ్చినప్పుడు ముందు తెర కింద ఊడ్చేది, ఎందుకంటే జనం విసిరిన చిల్లర అక్కడ పడేది. ఏ హీరోకి ఎంత రాలుతుందో ఆవిడకి తెలిసినట్టు డిస్ట్రిబ్యూటర్లకి కూడా తెలీదేమో.

నేను బెజవాడ పిల్లని. గాంధీనగరంలో ఎటు నడిచినా సినిమా హాళ్ళు, డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు, ఫిల్ము బాక్సులు వేసుకుని పోయే రిక్షాలు. మారుతి సినిమా హాలు మా ఊళ్ళో 1921లోనే వచ్చింది, అంటే సినిమాలకి తెలుగు మాటలు రావడానికి పదేళ్ళ ముందే, ఆ గొప్ప మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ఇంటి వెనక సందులో ఉన్న హాలు అంత చరిత్ర ఉన్నదేం కాదులే, పెద్ద హాళ్ళలో ఆడి ఆడి గీతలు పడ్డ ప్రింట్లు మాకొచ్చేవి. పేరు మాత్రం చెప్పను, ఓనరుగారి పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు, నేను చెప్పేవన్నీ పొగడ్తలు కావు.

నువ్వు టికెట్ క్యూలో చొక్కా చిరిగిన సంగతి రాశావు. ఆడవాళ్ళ క్యూ ఊసే లేదు. మా హాల్లో ఆడవాళ్ళకి బుకింగ్ వేరే, పక్క సందులోంచి. చిన్న క్యూ, అందుకని ముక్కూ మొహం తెలీని మగపిల్లలు "అక్కా అక్కా రెండు టికెట్లు తీసిపెట్టవా" అని చిల్లర చేతిలో పెట్టి బతిమాలేవాళ్ళు, ఇంటి దగ్గరైతే పలకరించడానికే భయపడే వాళ్ళు అక్కడ మాత్రం తోడబుట్టినవాళ్ళయిపోయేవాళ్ళు. లోపల నేల క్లాసుకి మధ్యలో నడుమెత్తు గోడ, ఇవతల మేము, అవతల వాళ్ళు. గోడ ఉన్నా సరే రెండో ఆటకి వెళ్తే మా అక్క జాకెట్‌కి ఒక పిన్నీసు ఎక్కువ పెట్టుకునేది. ఎందుకో నీకు తెలీకపోతే మీ అమ్మని అడుగు, ఆవిడ చెప్తుంది. "ఆ రోజులే వేరు" అని రాసే ముందు ఆ పిన్నీసు ఒకసారి గుర్తుకు తెచ్చుకో.

మా అమ్మా వాళ్ళూ ఎక్కువ మ్యాట్నీకే వెళ్ళేవాళ్ళు. వంటా వార్పూ అయ్యాక, చంకలో పిల్లల్ని వేసుకుని, కొంగున వేరుశనక్కాయలు కట్టుకుని. అయితే సాయంత్రం మునిసిపాలిటీ కుళాయి వచ్చే టైము, సినిమాలో అందరూ కలుసుకునే టైము ఒకటే. మా అమ్మ లెక్క ప్రకారం విలన్ని పోలీసులు పట్టుకునే సరికి మనం లేచి సందులో ఉండాలి, లేకపోతే బిందెల వరసలో మన బిందె ఆఖర్న ఉంటుంది. అలా నా చిన్నప్పుడు చూసిన సినిమాల్లో సగానికి సగం శుభం కార్డు నేను చూడలేదు. తర్వాత ఏమయిందే అంటే "ఏమవుద్ది, కలిసుంటారు, నడు" అనేది. నేనేమో దార్లో కొందరిని చంపేసేదాన్ని. (అందుకే నేను రచయిత్రినయ్యానని నా గురించి ఎక్కడైనా రాశావంటే తంతా. మా వీధిలో పిల్లలందరిదీ అదే కథ, మిగతావాళ్ళు హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు.)

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నీ వయసులో నేనూ ఆ హాలు మీద ఒక వ్యాసం రాశాను, వారపత్రికలో పడింది కూడా. రీలు తెగినప్పుడల్లా జనం ఎలా గోల చేసేవాళ్ళో మహా సరదాగా రాశాను. ఒకరోజు ఆపరేటరుగారు కిరాణా కొట్టు దగ్గర కనపడి, "చదివానమ్మా, బాగుంది. కానీ రీలు అన్నిసార్లు ఎప్పుడు తెగింది? నువ్వు రాసింది కార్బన్ల సంగతి" అన్నారు. నాకేం అర్థం కాలేదు. రా చూపిస్తా అని పైన మిషన్ రూంకి తీసికెళ్ళారు. సినిమా మొత్తం అక్కడ బల్బుతో కాదు, రెండు కార్బన్ పుల్లల మధ్య మండే మెరుపుతో నడిచేది. పుల్లలు అరిగేకొద్దీ మధ్యలో ఎడం పెరిగిపోతుంది, దాన్ని దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఒక్క నిమిషం మరిచిపోతే తెర మీద బొమ్మ పసుపెక్కి మసకబారిపోతుంది, కింద నుంచి "లైటూ... లైటూ..." అని కేకలు. నేను చిన్నప్పట్నుంచీ ఆ కేకలు వింటూనే ఉన్నాను, నేనూ కేకలేశాను, కానీ ఏం జరుగుతోందో ఒక్కసారి పైకెక్కి అడగలేదు.

ఆ గదిలో ఎండాకాలం ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, దానికి తోడు ఆ మంట, ఆ పొగ. రెండు మిషన్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది, ఇది ఆడుతుండగా రెండో దానికి తర్వాతి రీలు ఎక్కించాలి, అయిపోయినదాన్ని వెనక్కి చుట్టాలి. తెర కుడివైపు పైమూల ఒక చుక్క తళుక్కుమంటుంది, అది చూసి రెండో మిషను మోటారు వెయ్యాలి, ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క, అప్పుడు మార్చేయాలి. మనం ఏడుస్తూ చూసిన సీన్లలో ఆయన మూలన చుక్క కోసం చూస్తూ ఉన్నాడన్నమాట. "నేను చూసినన్ని సినిమాలు ఎవరూ చూసుండరు, ఒక్కటీ పూర్తిగా చూళ్ళేదు" అన్నారాయన. నా వ్యాసంలో ఉన్న అయిదు పేజీలూ ఆ ఒక్క మాట ముందు తేలిపోయాయి, ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టలేదంటే నమ్ము.

నీకు చెప్పదలుచుకున్నది అంతే నాన్నా. హాల్లో తెర వైపు చూడని వాళ్ళెవరో పట్టుకో. చూసినవాళ్ళందరూ ఒకేలా చూశారు, అందుకే నీ వ్యాసం నాది కూడా అయిపోయింది, ఇంకెవరిదైనా కూడా అయిపోతుంది. గేటు దగ్గర టికెట్ చింపేవాడు, సైకిల్ స్టాండు కుర్రాడు, ఇంటర్వెల్లో సోడా అమ్మేవాడు, వీళ్ళకి సినిమా వేరు. మా పక్కింటి మామ్మగారు ఆ హాల్లో అడుగే పెట్టలేదు, మడి మనిషి, కానీ గోడ పక్కనే ఇల్లు కాబట్టి మూడు వారాలు ఆడిన సినిమా ఆవిడకి మొత్తం కంఠతా వచ్చేది. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల గొంతులో వెంకటేశ్వరస్వామి పాట వేసేవాళ్ళు, ఆవిడ దీపం అప్పుడే పెట్టేది. రెండో ఆటలో ఫలానా పాట వచ్చిందంటే "పదకొండయింది, పడుకోండర్రా" అనేది. హీరో మొహం ఎలా ఉంటుందో మాత్రం తెలీదు. పోస్టరు చూపిస్తే "ఈ గొంతు ఇతనిదా" అని ఒకసారి నిరాశ పడింది.

ఇంకోటి, మూతబడటం గురించి నువ్వు "ఒక రోజు హాలు మూతపడింది" అని రాశావు. హాలు ఒక రోజులో మూతబడదు. మాది పదిహేనేళ్ళు మూతబడింది. ఎనభైల్లో శ్లాబు పన్ను పెట్టారు, హాల్లో జనం ఎంతమంది అని కాదు, ఎన్ని సీట్లున్నాయి అన్న లెక్కన పన్ను, నిండినా నిండకపోయినా కట్టాల్సిందే. చిన్న హాళ్ళకి వానాకాలంలో, పరీక్షల రోజుల్లో అదే గుదిబండ. తర్వాత ఇంటింటికీ టీవీ, వీసీఆర్, ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో సినిమా ఉంటే మొదటి ఆటకి కుర్చీలు ఖాళీ. కుషన్లు చిరిగాయి, కుట్టించలేదు. ఫ్యాన్లు ఆగాయి, బాగు చేయించలేదు. మార్నింగ్ షోకి ఇంట్లో చెప్పుకోలేని బొమ్మలు వేయడం మొదలెట్టారు, దాంతో ఆడవాళ్ళ బుకింగ్ కిటికీ మూసేశారు. నన్నడిగితే హాలు ఆ కిటికీ మూసిన రోజే పోయింది, మా ఇంట్లో మగవాళ్ళకి మాత్రం "మరమ్మతుల నిమిత్తం" అని బోర్డు పెట్టిన రోజు పోయింది.

పడగొట్టేటప్పుడు వెళ్ళాను. తెర కిందకి దించి మట్టిలో పరిచారు. చిన్నప్పట్నుంచీ ఒక్కసారైనా ముట్టుకోవాలని ఉండేది. ముట్టుకుంటే నిండా చిల్లులు, గుండుసూది మొన అంత, వేలకి వేలు. చిరుగేమో అనుకున్నా, కాదట, స్పీకర్లు తెర వెనక ఉంటాయి కాబట్టి శబ్దం ముందుకి రావడానికి అలాగే చేస్తారట. అంటే మేం ఇన్నేళ్ళూ చూసిన మొహాలన్నిటిలోనూ చిల్లులున్నాయి. దీన్ని ఏదో అర్థం వచ్చేలా వాడదామని ముప్పై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నా, కుదరలేదు, నువ్వు కావాలంటే తీసుకో.

నువ్వు రోజూ హిమాయత్‌నగర్‌లో లిబర్టీ దగ్గర బస్సు దిగుతానన్నావు కదా, ఆ లిబర్టీ ఏంటో ఎప్పుడైనా అడిగావా? ఒకప్పటి సినిమా హాలే. సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడా హాలే, దాని దగ్గర 1953లో చిన్న కేఫ్‌గా మొదలైన హోటలు బిర్యానీతో ఊరంతా పాకింది, ఇప్పుడు మెట్రో స్టేషనుకీ అదే పేరు, హాలు మాత్రం లేదు. కండక్టరు ఆ పేర్లు అరుస్తుంటే దిగే వాళ్ళలో ఎంతమందికి తెలుసో కనుక్కో, దాని మీద కూడా ఒక వ్యాసం ఉంది, కానీ ముందు నీది పూర్తి చెయ్యి.

పండక్కి ఊరెళ్తావు కదా, మీ హాలు ఆపరేటరు ఉంటే కలువు. లేకపోతే గేటు దగ్గర ఉండేవాడిని పట్టుకో, వెళ్ళేటప్పుడు స్వీట్లు తీసుకెళ్ళు, పెన్నూ పుస్తకం వెంటనే తియ్యకు, ఫోనులో రికార్డింగ్ అసలు పెట్టకు, మనిషి బిగుసుకుపోతాడు. మళ్ళీ రాశాక పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్ళద్దాలు మార్చి రెండేళ్ళయింది. మీ అమ్మని అడిగానని చెప్పు, మీ ఊళ్ళో ఆడవాళ్ళ క్యూ ఏ వైపు ఉండేదో కూడా కనుక్కుని రాయి.

ఉంటాను,
పెద్దమ్మ