ముత్తాతను ఏ కాలమ్‌లో వెతకాలి?

చెల్లె,

మీ ఇంటి చరిత్ర రాస్తూ నువ్వు పంపిన పేజీలన్నీ చదివాను. దేవరకొండ దగ్గర దొర ఇంట్లో జీతం ఉండి, తర్వాత నాగార్జునసాగర్ పనికి పోయిన ముత్తాత మీద నీకున్న ప్రేమ ప్రతి పేజీలో కనిపించింది. కానీ "ఆయన చెమటతోనే డ్యామ్ లేచింది" అన్న వాక్యం కొట్టెయ్. ఏ కూలీ గురించైనా ఆ మాట రాయొచ్చు. ఆయన ఒక్కడికే చెల్లే మాట దొరికేదాకా వెతుకు.

1954-55 ఖాస్రా పహాణీ చూడు, ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు అది. రెవెన్యూ వాళ్ల ఫసలీ సంవత్సరాల లెక్కలో అది 1364. తహసీల్ ఆఫీసులో నకలుకు అర్జీ పెట్టు. ఉర్దూలో ఉంటే నాకు పంపు, చదివి పెడతాను. పట్టాదారు కాలమ్‌లో మీవాళ్లు లేరని ఆగిపోకు. ఉంటే గింటే సాగు చేసేవాళ్ల కాలమ్‌లో ఉంటారు. ముత్తాత పేరు ఎల్లయ్య అని వెతికితే దొరక్కపోవచ్చు. కులం ముందు పెట్టి 'ఎల్లిగాడు' అని రాసి ఉండొచ్చు. చూస్తే కడుపు మండుతుంది. అయినా కాగితంలో ఉన్నది ఉన్నట్టే ఎత్తి రాయి, దిద్దకు. నీ సొంత వాక్యంలో మాత్రం ఆయన ఎల్లయ్యే.

మీ అమ్మమ్మ తమ్ముడు చదివిన బడిలో అడ్మిషన్ రిజిస్టర్ కూడా అడుగు. తండ్రి పేరు, ఏం పని చేసేవాడో అందులో దొరకొచ్చు. పుట్టిన తేదీని మాత్రం నమ్మకు, చాలామందికి బడి సార్లే ఏదో ఒక తేదీ వేసేవాళ్లు.

ఇక సాగర్ సంగతి. మేస్త్రీ కింద గుంపుగా పోయిన కూలీ పేరు మేస్త్రీ లెక్కల్లోనే ఉంటుంది, ఆ లెక్కలు ఎవరు దాచారు? అమ్మమ్మనే అడగాలి. ఏ సంవత్సరం అని అడిగితే ఆమె చెప్పలేకపోవచ్చు. "నెహ్రూ వచ్చి పునాది రాయి వేసినప్పుడు నువ్వు చంకలో ఉన్నవా, నడుస్తున్నవా?" అని అడుగు. ఆ రోజు 1955 డిసెంబర్ 10. అక్కణ్నించి 1967లో డ్యామ్ పూర్తయ్యేదాకా ఆమెకు తెలిసిన పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు పక్కపక్కన పెట్టుకుంటూ పో, సంవత్సరాలు వాటంతటవే తేలతాయి. సాగర్‌ది రాతి కట్టడం. ముత్తాత రాయి కొట్టాడా, మోశాడా, రాళ్ల మధ్య పెట్టే మాలు అందించాడా? అడ్వాన్స్ ఎవరి దగ్గర తీసుకున్నాడు? కూలి చేతికొచ్చేదా, బాకీ కింద మేస్త్రీ దగ్గరే ఆగేదా?

ఇంకోటి, ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మన దిక్కు మేస్త్రీలు అడ్వాన్స్ ఎక్కువగా జోడీకే ఇచ్చేవాళ్లు, అంటే మొగుడూ పెళ్లాం ఇద్దరి కష్టానికీ. మరి నీ ముత్తవ్వ ఏదమ్మా? ఆమె తట్ట మోయలేదా? చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టి పనికి పోయింది? నువ్వు రాసిన అన్ని పేజీల్లో ఆమె పేరు ఒక్కసారి కూడా లేదు. ముందు ఆ పేరు కనుక్కో, పహాణీ కోసం తర్వాత పోదువు.