గిన్నెలు చూశాకే స్టవ్ కొనండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గ్యాస్ స్టవ్ తీసేసి ఇండక్షన్ పెట్టించుకోవడం గురించే. అందుకని మిక్సీలు, గీజర్ల ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేశాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది నాలుగు బర్నర్ల గ్యాస్ స్టవ్. ఇప్పుడు వంటగది బాగుచేయిస్తున్నాం, పనిలో పనిగా నాలుగు జోన్ల ఇండక్షన్ హాబ్ (గట్టులో బిగించే స్టవ్) పెట్టించుకుందామని నా ఆలోచన. "దానికేముంది, ప్లగ్ పెడితే అయిపోతుంది" అంటారు మావారు. నిజంగా అంతేనా? ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: మీవారు చెప్పింది ఒంటి జోన్, అంటే ఒకే గిన్నె పట్టే స్టవ్ వరకు నిజమేనమ్మా. నాలుగు జోన్లకి కాదు. ఆ వైరింగ్ సంగతి తర్వాత చెప్తాను. ముందు గిన్నెల అల్మరా తెరవండి.

గ్యాస్‌లో మంట స్టవ్‌దే. పైన ఏ గిన్నె పెట్టినా ఆ మంటకి వేడెక్కుతుంది. ఇండక్షన్‌లో మంటా లేదు, కాలే తీగా లేదు. గాజు కింద ఒక రాగి చుట్ట ఉంటుంది, అంతే. గోడలోంచి సెకనుకి 50 సార్లో 60 సార్లో ముందుకీ వెనక్కీ ఊగుతూ వచ్చే కరెంటుని లోపలి సర్క్యూట్ 20 వేల సార్లకి పైగా ఊగేలా చేసి ఆ చుట్టలోకి పంపుతుంది. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టి, అదీ అంతే వేగంగా మారుతూ, గిన్నె అడుగులో సుడులు తిరిగే కరెంటుని పుట్టిస్తుంది. మారే అయస్కాంత క్షేత్రం కరెంటుని పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లోనే కనిపెట్టాడు. ఆ సుడి కరెంటుకి గిన్నె లోహం అడ్డుపడుతుంది, ఆ అడ్డులోంచే వేడి వస్తుంది. అంటే కాలేది గిన్నె అడుగే. దుకాణంలో మీరు కొనేది సగం స్టవ్. మిగతా సగం మీ అల్మరాలో ఉండాలి.

ఉందో లేదో తెలుసుకోవడానికి ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి చాలు. ప్రతి గిన్నెనీ బోర్లించి అడుగున పెట్టి చూడండి. ఇనుము, పోత ఇనుము, ఎనామిల్ పూసిన ఇనుము గట్టిగా పట్టుకుంటాయి. అల్యూమినియం, రాగి, ఇత్తడి, మట్టి, గాజు పట్టుకోవు. తికమక పెట్టేది స్టీలే. మంచి స్టీలని కొనుక్కునే 18/8 రకంలో, అంటే 304 గ్రేడులో, నికెల్ ఉంటుంది, దానికి అయస్కాంతం అంటదు. అంతకంటే చవకైన 430 గ్రేడుకి చక్కగా అంటుకుంటుంది. అందుకే ఇండక్షన్ బేస్ అని అమ్మేవాటిలో చాలావాటికి అడుగున అయస్కాంతం పట్టే స్టీలు బిళ్ల అతికించి ఉంటుంది.

చూసినవాటిని మూడు కుప్పలు చేయండి. అయస్కాంతం పట్టి, అడుగు బల్లపరుపుగా ఉన్నవి ఒకటి. పట్టినా అడుగు గుండ్రంగా ఉన్నవి రెండోది. అసలు పట్టనివి మూడోది. మొదటి కుప్పే మీ కొత్త స్టవ్‌కి పనికొచ్చేది. మూడో కుప్ప పెద్దదైతే కొత్త గిన్నెల ఖర్చుని స్టవ్ ధరలో కలుపుకుని బేరం చూసుకోండి. దుకాణదారు ఈ లెక్క మీకు చెప్పడు.

ఇక వైరింగ్. 2000 వాట్ల ఒంటి జోన్ స్టవ్ 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపే లాగుతుంది. మంచి 16 ఆంపియర్ల సాకెట్ ఉంటే చాలు. 6 ఆంపియర్ల సాకెట్‌లో మాత్రం పెట్టకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వద్దు. నాలుగు జోన్ల హాబ్ అయితే అన్నీ కలిపి 7000 వాట్లు దాటడం మామూలే. 7400 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు. దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను, ఆ లైనుకి సొంత బ్రేకరు ఉండాలి. హాబ్‌తో వచ్చే పుస్తకంలో ఎంత మందం వైరు రాస్తే అంత మందం వెయ్యాలి. ఈ స్థాయి హాబ్‌లకి చాలాసార్లు 6 చదరపు మిల్లీమీటర్లది అడుగుతారు. మీ కనెక్షన్‌కి మంజూరైన లోడ్ ఎంతో కూడా కరెంటు బిల్లులో చూసుకోండి. అది తక్కువైతే పెంచుకోవాలి, లేదంటే మొత్తం వాడకానికి పరిమితి పెట్టుకునే సదుపాయం ఉన్న హాబ్ తీసుకోవాలి. ఆ పరిమితి పెడితే నాలుగు జోన్లూ ఒకేసారి పూర్తి వేడి మీద నడవవు. నిజానికి రోజువారీ వంటకి అలా నడపాల్సిన అవసరం కూడా అరుదే.

గోడలు ఎలాగూ పగలగొడుతున్నారు కాబట్టి లైను ఇప్పుడే వేయించండి. టైల్స్ అతికాక గుర్తొస్తే ఏడుపే. గ్యాస్ లైను ఉంటే దాన్ని మూసే పని మాత్రం ఆ పని తెలిసిన, అనుమతి ఉన్న మనిషి చేతే చేయించండి. మీ వంటగది మేస్త్రీ ఎంత మంచివాడైనా అది ఆయన పని కాదు.

ప్రశ్న: అయస్కాంతం గట్టిగానే పట్టుకుంది. తీరా స్టవ్ మీద పెడితే "గిన్నె లేదు" అన్నట్టు కూత పెట్టి ఆగిపోతోంది. స్టవ్ చెడిపోయిందా?

జవాబు: స్టవ్ మంచిదే అయ్యుంటుంది. అడుగు ఎంత వెడల్పుందో కొలవండి. చాలా స్టవ్‌లు సుమారు 12 సెంటీమీటర్ల కంటే చిన్న అడుగుని గిన్నెగా లెక్కచేయవు. గాజు మీద మరిచిపోయిన చెంచా వేడెక్కకుండా పెట్టిన జాగ్రత్త అది. కొలవాల్సింది గిన్నె మూతిని కాదు, కింద అయస్కాంతం పట్టే బిళ్లని.

వెడల్పు సరిపోతే ఈసారి అడుగుకి అడ్డంగా ఒక స్కేలు ఆనించి చూడండి. వాడగా వాడగా అడుగు లోపలికి వంగిపోయి, అంచులు మాత్రమే గాజుకి ఆనుతుంటాయి. కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ వచ్చినా చుట్టకీ గిన్నెకీ పట్టు సడలుతుంది. పలచటి గిన్నెని ఉత్తదిగా పెట్టి పూర్తి వేడి మీద పెడితే ఇలాగే వంగుతుంది. గ్యాస్ అలవాటున ముందు గిన్నె కాలనిచ్చి తర్వాత నూనె పోసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. నాన్‌స్టిక్ అయితే ఇంకా జాగ్రత్త. ఆ పూత సుమారు 260 డిగ్రీలు దాటితే దెబ్బతినడం మొదలవుతుంది, ఉత్త పెనం ఇండక్షన్ మీద అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

ప్రశ్న: పాత గిన్నెలు పారేయకుండా, మధ్యలో పెట్టే ఇనుప పళ్లెం అమ్ముతున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దు. వేడెక్కేది పళ్లెం, దాని వేడి గాజు మీదకీ లోపలి సర్క్యూట్ మీదకీ దిగుతుంది. గిన్నెకి అందేది మిగిలినదే. అన్ని రకాల గిన్నెలూ వాడక తప్పదంటే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ చూడండి. అది ఎర్రగా కాలి ఏ గిన్నెనైనా వేడిచేస్తుంది. కానీ ఇండక్షన్ అంత చురుకుగా ఉండదు, ఆపాక కూడా గాజు చాలాసేపు కాలుతూనే ఉంటుంది.

ప్రశ్న: గ్యాస్ చవకా, కరెంటు చవకా? ఒక్క ముక్కలో చెప్పండి.

జవాబు: ఒక్క ముక్కలో చెప్పేవాళ్లని నమ్మకండి. లెక్క చెప్తాను, మీ బిల్లులు పెట్టుకుని మీరే చేసుకోండి.

ఒక కిలో ఎల్పీజీ కాలితే వచ్చే వేడి కరెంటు లెక్కలో దాదాపు 12.8 యూనిట్లు. అందులో గిన్నెలోకి వెళ్లేది 40 నుంచి 60 శాతం. చిన్న గిన్నె కింద పెద్ద మంట పెడితే 40 వైపుకి, వెడల్పాటి గిన్నెకి సరిపడా మంట పెడితే 60 వైపుకి ఉంటుంది. మిగతాది గిన్నె పక్కల నుంచి పైకెగిరి వంటగదిని వేడెక్కిస్తుంది. ఇండక్షన్‌లో గిన్నెకి అందేది 85 శాతం దాకా ఉంటుంది. ఈ లెక్కన కిలో గ్యాస్ చేసే పనికి ఇండక్షన్ మీద 6 నుంచి 9 యూనిట్లు అవుతాయి. కిలో గ్యాస్ మీకు ఎంత పడుతోందో దాన్ని 6తోనూ 9తోనూ భాగించండి. కరెంటు యూనిట్ ధర ఆ రెంటికంటే తక్కువైతే కరెంటు చవక, రెంటికంటే ఎక్కువైతే గ్యాస్ చవక. మధ్యలో పడితే డబ్బు సంగతి వదిలేసి మీ సౌకర్యం చూసుకోండి.

ఇందులో ఒక మెలిక ఉంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే చోట బిల్లు మొత్తానికి సగటు తీయకండి. కొత్త స్టవ్ వాడే యూనిట్లు మీ ఇప్పటి వాడకం పైన చేరతాయి, వాటికి పడేది పై శ్లాబు ధర. ఆ ధరతోనే లెక్క వెయ్యండి.

సమయం మాత్రం కచ్చితంగా కలిసొస్తుంది. 25 డిగ్రీల నీళ్లు ఒక లీటరు, 2000 వాట్ల ఇండక్షన్ మీద, సరైన గిన్నెలో, 3 నిమిషాలు దాటగానే మరుగుతాయి.

ప్రశ్న: సన్న సెగ మీద పాలు పెడితే ఉన్నట్టుండి బుస్సుమని లేస్తాయి, మళ్లీ చల్లబడతాయి, మళ్లీ లేస్తాయి. గ్యాస్ మీద ఈ గొడవ లేదు. స్టవ్ ముందు నిలబడలేక చస్తున్నాను.

జవాబు: మీ కోపం న్యాయమైనదే. గ్యాస్ నుంచి మారినవాళ్లని నిజంగా విసిగించేది ఇదొక్కటే అని నా అభిప్రాయం. స్టవ్ పెట్టె మీద దీని గురించి ఒక్క అక్షరం ఉండదు.

చాలా ఒంటి జోన్ స్టవ్‌లకి నిజమైన సన్న సెగ రాదు. 400 వాట్లు పెట్టారనుకోండి, అది 1000 వాట్లని 2 సెకన్లు వేసి 3 సెకన్లు ఆపుతుంది. సగటు 400 అవుతుంది, లెక్క తప్పలేదు. కానీ పలచటి గిన్నెలో పాలకి సగటుతో పనేముంది? వేసినప్పుడల్లా 1000 వాట్ల దెబ్బే తగులుతుంది. మందమైన అడుగున్న గిన్నె వాడండి. ఆ మందం వేడిని కాస్త పట్టి ఉంచి నిదానంగా వదులుతుంది, పొంగు తగ్గుతుంది.

ఇంకా కొననివాళ్లు దుకాణంలోనే పరీక్షించండి. పలచటి గిన్నెలో కొద్దిగా నీళ్లు పోయించి, మరిగాక అన్నిటికంటే తక్కువ సెగకి తిప్పమనండి. బుడగలు ఆగుతూ లేస్తూ ఉంటే అది ఆపి ఆపి వేసే రకం. చిన్న చిన్న బుడగలు ఆగకుండా వస్తుంటే ఆ స్టవ్ సన్న సెగ బాగుంది. నేనైతే ఎన్ని వాట్లని అడగను, ఈ పరీక్షే అడుగుతాను. ఆ నీళ్లు పెట్టడానికి మొహం చిట్లించే దుకాణంలో కొనకండి.

ప్రశ్న: మా మామగారికి పేస్‌మేకర్ ఉంది. ఇంట్లో ఇండక్షన్ పెట్టవచ్చా? అసలు ఆ తరంగాలు మిగతావాళ్లకి మాత్రం మంచివేనా?

జవాబు: పెట్టవచ్చు, ఆయన దూరం పాటిస్తే. పనిచేస్తున్న ఇండక్షన్ హాబ్‌కీ పేస్‌మేకర్‌కీ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలని బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ సలహా. అంటే రెండడుగులు. స్టవ్ మీదకి వంగి గిన్నెలోకి తొంగిచూడటం కూడదు. అయినా ఆయన పేస్‌మేకర్ ఏ రకమో తెలిసిన డాక్టరు మాటే చివరి మాట. స్టవ్ కొనకముందే ఆయన్ని అడగండి.

మిగతావాళ్ల విషయానికొస్తే, ఇది ఎక్స్‌రే లాంటి కిరణం కాదు, అణువుల్ని చీల్చే శక్తి దీనికి లేదు. స్టవ్ నుంచి జరిగేకొద్దీ క్షేత్రం గబగబా తగ్గిపోతుంది. చుట్టకి సరిపడా వెడల్పున్న గిన్నెని సరిగ్గా మధ్యలో పెడితే బయటికొచ్చేది ఇంకా తక్కువ. టెన్షన్ పడకండి.

ప్రశ్న: ఇండక్షన్ వచ్చాక చిమ్నీ అక్కర్లేదు కదా?

జవాబు: కావాలి. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడు, కార్బన్ మోనాక్సైడు ఇక ఉండవు, అది పెద్ద లాభమే. నైట్రోజన్ డయాక్సైడుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన వార్షిక పరిమితిని ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాముల నుంచి 10కి దించింది. కానీ కాగే నూనె పొగ ఏ స్టవ్ మీదైనా పొగే.

ప్రశ్న: పంచదార పాకం గాజు మీద ఒలికి గట్టిపడింది. చాకుతో గీకవచ్చా?

జవాబు: చాకు వద్దు, గాజు గీకే బ్లేడు విడిగా దొరుకుతుంది. ఇంకోసారి ఒలికితే వెంటనే స్టవ్ ఆపి, వేడి ఉండగానే చెయ్యి కాలకుండా ఆ బ్లేడుతో తీసేయండి. పాకం చల్లారితే గాజుని పట్టేస్తుంది, లాగితే గాజు పెచ్చు లేస్తుంది. గాజు మీద పగులు కనిపిస్తే మాత్రం బ్రేకరు కట్టేసి, అది మార్చేదాకా ముట్టుకోకండి. ఆ పగుల్లోంచి నీళ్లు కరెంటు దాకా దిగుతాయి.

ప్రశ్న: వంట అయ్యాక కూడా లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ మోత భరించలేక వెంటనే గోడ స్విచ్ ఆపేస్తున్నాను. తప్పా?

జవాబు: తప్పే. రాగి చుట్టకి కరెంటు పంపే ట్రాన్సిస్టర్లు లోపల బాగా వేడెక్కుతాయి, పైనుంచి గాజు వేడి కూడా వాటి మీద పడుతుంది. ఆ ఫ్యాన్ తిరిగేది వాటికోసమే. నా రిపేరు బల్ల మీదకి వచ్చే ఇండక్షన్ స్టవ్‌లలో ఎక్కువ భాగం ఆ ట్రాన్సిస్టర్ కాలినవే. ఫ్యాన్ దానంతటదే ఆగాకే గోడ స్విచ్ కట్టండి. స్టవ్ వెనకా కిందా ఉన్న గాలి రంధ్రాలకి గోడ ఆనకుండా చూడండి. కింద ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటే తీసేయండి, అది ఆ రంధ్రాలకి అతుక్కుంటుంది.

వంట జరుగుతున్నప్పుడు వచ్చే సన్నటి గుయ్యిమనే చప్పుడు వేరు. పొరలు పొరలుగా అతికిన అడుగులు అదిరి అలా మోగుతాయి. గిన్నె మార్చి చూడండి, లేదా సెగ ఒక మెట్టు తగ్గించండి.