పావు డాలరు టికెట్టుతో బతికిన పసికందులు

ప్రశ్న: సిస్టర్ గారూ, పూర్వం అమెరికా ఎగ్జిబిషన్లలో నెలలు నిండని పిల్లల్ని అద్దాల పెట్టెల్లో పెట్టి, టికెట్టు తీసుకుని చూపించేవాళ్ళట. మా మనవడు ఏడో నెలలో పుట్టి ఇరవై రోజులు ఇంక్యుబేటర్‌లో ఉన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి కడుపులో దేవినట్టుంది. నిజమేనా? అంత దారుణం ఎలా చేశారండీ?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. ముప్ఫై ఏళ్ళు పసిపిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని, మొదట విన్నప్పుడు నాకూ ఒళ్ళు మండింది. మొత్తం చదివాక ఆ కోపం ఆయన మీద నిలవలేదు.

ఆయన పేరు మార్టిన్ కూనీ. 1903 నుంచి 1943 దాకా న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో, రంగులరాట్నాల మధ్య ఈ ప్రదర్శన నడిపాడు. టికెట్టు 25 సెంట్లు. గేటు దగ్గర ఒకడు కేకలేసి జనాన్ని పిలిచేవాడు. లోపల మాత్రం అసలైన ఆసుపత్రే. వేడినీళ్ళ గొట్టాలతో వెచ్చగా ఉండే పెట్టెలు, వడగట్టిన గాలి, రాత్రింబగళ్ళు నర్సులు, పాలివ్వడానికి దాదులు. దాదులు బయట చిరుతిళ్ళు తింటే పని పోయినట్టే! కన్నవాళ్ళ దగ్గర పైసా తీసుకునేవాడు కాదు. ఖర్చంతా టికెట్ల డబ్బే.

ఒక నర్సు తన వేలి ఉంగరం తీసి బిడ్డ చేతికి మణికట్టు దాకా ఎక్కించి చూపేదట. నాకు ఆశ్చర్యం లేదు. మా వార్డులో 900 గ్రాముల పాప ముంజేయి నా చిటికెన వేలంతే ఉండేది.

అప్పట్లో చాలా ఆసుపత్రుల్లో ఇంక్యుబేటర్లే లేవు. ఇలాంటి బిడ్డ బతకదని వదిలేసేవాళ్ళు. 1920లో ఒక తండ్రి, డాక్టర్లు ఆశ లేదన్న కూతుర్ని గుడ్డలో చుట్టుకుని టాక్సీలో కూనీ దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ తొంభై ఆరేళ్ళు బతికింది. కూనీ చేర్చుకున్న దాదాపు 8,000 మందిలో 6,500 మంది దక్కారని చెబుతారు.

ఒక మాట దాచకూడదు. ఆయన డాక్టర్నని చెప్పుకున్నాడు కానీ, పట్టా ఉన్నట్టు ఆధారం దొరకలేదు. అది తప్పే. మనుషుల అంగవైకల్యాన్ని చూపి సొమ్ము చేసుకున్న ఆ కాలపు ఆటల కంపెనీలనైతే నేను ఇప్పటికీ క్షమించలేను. కూనీని వాళ్ళతో జమకట్టకండి.

1943లో న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఇలాంటి పిల్లలకు ప్రత్యేక విభాగం తెరిచింది. ఇక తన పని అయిపోయిందని కూనీ ప్రదర్శన మూసేశాడు.

మీ మనవడు ఇప్పుడెంత బరువున్నాడు? తప్పకుండా రాయండి.