గోధుమ మానేసినా సీలియాక్ తగ్గడం లేదా?

ప్రశ్న: అక్కగారూ, మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది. విశాఖపట్నంలో ఉన్నప్పుడే సీలియాక్ వ్యాధి అని చెప్పారు. ఆనాటి నుంచి గోధుమ ముట్టలేదు. అయినా విరేచనాలు, నీరసం, రక్తహీనత తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, సెలవులకు వచ్చి బొబ్బిలిలో మా అమ్మ వంటింట్లో కూర్చుని మీకు ఈ జవాబు రాస్తున్నాను. నాకూ ఇదే జబ్బు. గోధుమ, బార్లీ వంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడక చిన్న పేగు దెబ్బతినడమే సీలియాక్. ఈ వంటింటి నుంచి వచ్చిన చోడి (రాగి) పిండితోనే నేను ఎనిమిది నెలలు బాధపడ్డాను. చోళ్ళలో గ్లూటెన్ లేదు. కానీ అమ్మ వాటిని పట్టించే మరలో మాకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకునేవారు, మరలో మిగిలిన ఆ పిండి మా చోడి పిండిలో కలిసిపోయేది. ఆ సంగతి తట్టేలోపు నాకు రెండోసారి ఎండోస్కోపీ కూడా చేశారు.

అందుకే ముందు మీ వంటింటినే వెతకండి. ఆరు నెలలు, ఏడాది పథ్యం చేసినా తగ్గనివారిలో వైద్యులకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం, తెలియకుండా లోపలికి పోతున్న గ్లూటెనే. మనవాళ్లు మొదట చూడవలసింది ఇంగువ డబ్బా. పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు, కాబట్టి పులిహోర, చారు, ఊరగాయ, సాంబారు పొడి అన్నీ అనుమానించదగినవే. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, అడిగి కొనండి. బార్లీ మాల్టు కలిసిన పాలపొడులు, సోయా సాస్, ఇతరులతో కలిసి వాడుకునే చపాతీ పీట, పెనం, సమోసాలు వేయించిన నూనె కూడా అంతే. అమెరికాలో పొట్లం మీద గోధుమ పేరు తప్పనిసరిగా రాయాలి గాని బార్లీకి ఆ నియమం లేదు, కనుక మాల్టు అన్న మాట కోసం కళ్లు పెట్టి చూడండి. గ్లూటెన్ రహితం అని రాసిన సరుకులో అది 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) లోపే ఉండాలన్న నిబంధనను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో తెచ్చింది. ఓట్స్ కూడా ఆ ముద్ర ఉన్నవే కొనండి. సీలియాక్ తెలిసిన డైటీషియన్‌కు మీ వారం రోజుల తిండి రాసి చూపిస్తే, మనకు కనబడనివి వారికి కనబడతాయి.

తిండిలో ఏ లోపమూ దొరకకపోతే అసలు రోగ నిర్ధారణను మళ్లీ చూపించుకోవాలి. పేగులో ఆహారాన్ని పీల్చుకునే సన్నని పోగులు అరిగిపోవడానికి సీలియాక్ ఒక్కటే కారణం కాదు. మన ప్రాంతాల్లో కనిపించే ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, జియార్డియా అనే పరాన్నజీవి, రక్తపోటుకు వాడే ఒల్మెసార్టాన్ మాత్ర కూడా అలాగే చేయగలవు. విశాఖలో తీసిన బయాప్సీ (పేగు ముక్క పరీక్ష) రిపోర్టు, వీలైతే స్లైడ్లు తెప్పించి అమెరికాలోని గ్యాస్ట్రో నిపుణులకు ఇవ్వండి, మీరు భారతదేశం నుంచి వచ్చారని తప్పక చెప్పండి. హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్షకు మళ్లీ గోధుమ తినవలసిన పని లేదు, రెండూ లేవని తేలితే సీలియాక్ కాదనే దాదాపుగా అనుకోవచ్చు. పరీక్ష కోసమని సొంతంగా గోధుమ మొదలుపెట్టకండి.

సీలియాక్ నిజమే అయినా దానికి తోడు మరొకటి ఉండవచ్చు. పాలలోని లాక్టోస్ పడకపోవడం, చిన్న పేగులో సూక్ష్మక్రిములు పెరగడం, క్లోమ రసం తగ్గడం, మైక్రోస్కోపిక్ కోలైటిస్ (మైక్రోస్కోపులోనే కనిపించే పెద్దపేగు వాపు), వీటికి విడివిడిగా పరీక్షలూ చికిత్సలూ ఉన్నాయి. పెద్దవారిలో పేగు పూర్తిగా మానడానికి రెండేళ్లు దాటడం కూడా మామూలే.

ఇవన్నీ తేల్చుకున్నాక, ఏడాది కఠిన పథ్యం తరువాత కూడా పేగు మానకపోతేనే రిఫ్రాక్టరీ సీలియాక్, అంటే పథ్యానికి లొంగని సీలియాక్ అన్న మాట వస్తుంది. అది అరుదు. మొదటి రకానికి బ్యూడెసొనైడ్ వంటి స్టెరాయిడ్లు బాగా పనిచేస్తాయి. రెండో రకంలో పేగు గోడలోని కణాలు మారి లింఫోమా అనే క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం ఉంది, కాబట్టి దానిని పెద్ద సీలియాక్ కేంద్రంలోనే చూపించుకోవాలి. బరువు వేగంగా తగ్గుతున్నా, రాత్రిళ్లు జ్వరం, చెమటలు వస్తున్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

ఊరి నుంచి పిండ్లు, పొడులు తెప్పించుకుంటుంటే మీ అమ్మగారికి ఈ సంగతులు ఫోనులో నిదానంగా చెప్పండి. మా అమ్మ ఇప్పుడు చోళ్ళు మరకు పంపడం లేదు, శుభ్రంగా కడిగి ఆరబెట్టి, నా కోసం విడిగా పెట్టిన తిరగలిలో విసిరి ఇస్తోంది.