ఫీజు పెంపు ఆపే ముందు డబ్బు సంగతి తేల్చుకో

చి. అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. నాలుగేళ్ళు ట్యూషన్ ఫీజు పెంచకపోతే ఏటా నిలకడగా నిధులిస్తామని రాష్ట్రం వాళ్ళు అంటున్నారనీ, యూనివర్సిటీ తరఫున లెక్కలు కట్టే పని నీ మీద పడిందనీ రాశావు. ఒప్పుకోవచ్చా అని అడిగావు. ఒప్పుకోవచ్చు. ఇది చెడ్డ బేరమేం కాదు. అయితే ఒక తిరకాసు ఉంది. ఫీజు పెంచబోమని మీరిచ్చే మాట యూనివర్సిటీ పాలక బోర్డు తీర్మానం చేసిన రోజే అమల్లోకి వస్తుంది. డబ్బిస్తామని వాళ్ళిచ్చే మాట మాత్రం ప్రతి బడ్జెట్‌లోనూ కొత్తగా ఓటు పడితేనే నిలుస్తుంది. ఈ శాసనసభ ఇచ్చిన మాటకు వచ్చే సభ కట్టుబడక్కర్లేదు. అంచేత వాళ్ళ మాటను గట్టి చేయించాలని తంటాలు పడకు, అది నీ చేతిలో లేదు. మీ మాటకే షరతు తగిలించు.

ముందు లెక్క చూద్దాం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గుండ్రటి అంకెలు తీసుకో. మీ ఖర్చు 500 మిలియన్ డాలర్లు, అందులో ఫీజుల మీద 300, రాష్ట్రం నుంచి 200 వస్తున్నాయనుకో. జీతాలు, హెల్త్ ఇన్సూరెన్స్ కలుపుకుని ఖర్చు ఏటా 3 శాతం పెరుగుతుంది, అంటే 15 మిలియన్లు. రాష్ట్రం వాళ్ళు "మేమూ 3 శాతం పెంచుతాం" అనగానే గదిలో అందరూ తలలూపుతారు. కానీ వాళ్ళ 3 శాతం 200 మీద. వచ్చేది 6 మిలియన్లే. మొదటి ఏడే 9 మిలియన్ల లోటు. రెండో ఏటికి అది 18 దాటుతుంది, ఐదో ఏటికి 48 దగ్గరికి చేరుతుంది. ఫీజు కదలకూడదంటే ఆ 15 మిలియన్లూ రాష్ట్రమే మోయాలి, అంటే మొదటి ఏడు 7.5 శాతం పెంచాలి. కాబట్టి శాతాల్లో మాట్లాడకు. ఏడాదికి ఇంత అని డాలర్లలో పట్టిక వేసి ఒప్పందానికి జతచేయించు.

ఆ డాలర్లు కూడా బేస్‌లోకి, అంటే ఏటా కొనసాగే కేటాయింపులోకి వచ్చేవా, ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునేవా అన్నది చూడాలి. 2015లో కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్, అక్కడి యూనివర్సిటీ ప్రెసిడెంట్ జానెట్ నపోలిటానో కుదుర్చుకున్న ఒప్పందం తీసి చదువు. రాష్ట్ర విద్యార్థుల ఫీజు ఇంకో రెండేళ్ళు పెంచకుండా ఉంచినందుకు బేస్ నిధులు ఏటా 4 శాతం పెంచుతామన్నారు. దానికి విడిగా పెన్షన్ బాకీల కోసం 436 మిలియన్లు ఇచ్చారు. రెండూ డబ్బే, కానీ రెండో దాన్ని నమ్ముకుని ఒక్క ప్రొఫెసర్‌ని కూడా పర్మనెంట్‌గా తీసుకోలేం. మీ రాష్ట్రం చూపించే పెద్ద అంకెలో ఏ భాగం ఏదో విడదీయమని మొదటి మీటింగ్‌లోనే అడుగు.

అదే కాలిఫోర్నియాలో అంతకుముందు ఏం జరిగిందో కూడా చూసుకో. 2004లో ష్వార్జెనెగర్ గవర్నర్‌గా ఉండగా 2010-11 దాకా ఏటా పెంపులు ఇస్తామని యూనివర్సిటీతో ఒప్పందం చేసుకున్నారు. 2008లో ఆర్థిక మాంద్యం వచ్చేసరికి అది గాలికి పోయింది. 2009 నవంబర్‌లో రీజెంట్లు, అంటే అక్కడి యూనివర్సిటీ పాలక బోర్డు సభ్యులు, ఫీజును ఏకంగా 32 శాతం పెంచుతూ తీర్మానించారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. దాదాపు అన్ని రాష్ట్రాలూ బడ్జెట్‌ను లోటు లేకుండా సరితూచాల్సిందే. పేదల వైద్యానికిచ్చే మెడికెయిడ్‌ను అంత సులువుగా కోయలేరు, స్కూళ్ళ మీద చెయ్యి వేయలేరు. యూనివర్సిటీకి ఫీజుల రాబడి ఉంది కదా అని మొదటి కత్తెర అక్కడే పడుతుంది. మీరు ఫీజు ఆపుకున్నా అలవాటు కొద్దీ కత్తెర అటే వస్తుంది, ఈసారి మీకు ఫీజు పెంచుకునే ఆ రెండో దారి కూడా ఉండదు.

విస్కాన్సిన్ సంగతి ఇంకా ఘోరం. 2013లో రాష్ట్ర అండర్‌గ్రాడ్యుయేట్ల ఫీజు పెంపు ఆపేశారు. 2015-17 బడ్జెట్‌లో ఫీజు ఆగి ఉండగానే యూనివర్సిటీ వ్యవస్థకు 250 మిలియన్లు కోశారు. ఫీజు మళ్ళీ పెరగడానికి 2023 దాకా ఆగాల్సొచ్చింది. ఫీజు ఆపడమూ నిధులివ్వడమూ విడివిడి నిర్ణయాలైతే జరిగేది ఇదే. మొదటిది ఓట్లు తెచ్చే పని కనుక నిలబడుతుంది, రెండోది నిలబడదు.

అందుకే ఒక క్లాజు మీద పట్టుపట్టు. నేనైతే ఇలా రాస్తాను: "ఏ సంవత్సరమైనా రాష్ట్ర బేస్ కేటాయింపు పట్టికలోని మొత్తానికి తగ్గితే, ఆ లోటు మేరకు ఫీజు పెంచే అధికారం వచ్చే సెమిస్టర్ నుంచే బోర్డుకు తిరిగి వస్తుంది." "వచ్చే సెమిస్టర్" అన్నది ఊరికే పెట్టలేదు. ఆర్థిక సంవత్సరం జూలైలో మొదలయ్యే రాష్ట్రాల్లో శీతాకాలానికి రాబడి అంచనాలు తప్పాయని తెలిసి మధ్యలో కోత పెడతారు. అప్పటికే ఆ సెమిస్టర్ బిల్లులు పిల్లల చేతుల్లో ఉంటాయి. వాళ్ళు ఈ క్లాజు ఒప్పుకోకపోతే నాలుగేళ్ళ మాట మానేసి, రెండేళ్ళ బడ్జెట్‌కి రెండేళ్ళే ఆపుతామను. అందులో నామోషీ ఏం లేదు.

మంచి ఉదాహరణ కావాలంటే మేరీల్యాండ్‌ది తీసుకెళ్ళు. అక్కడ రాష్ట్ర అండర్‌గ్రాడ్యుయేట్ల ఫీజు 2006-07 నుంచి నాలుగు విద్యా సంవత్సరాలు కదల్లేదు, మాంద్యంలో కూడా. 2007 ప్రత్యేక సమావేశంలో కార్పొరేట్ పన్నును 7 నుంచి 8.25 శాతానికి పెంచి, అందులో కొంత ఉన్నత విద్యా నిధికి మళ్ళించారు. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో పేరు పెట్టి చెప్పారన్నమాట. అక్కడి యూనివర్సిటీ వ్యవస్థ ఛాన్సలర్ విలియం కిర్వాన్ కూడా ముందునుంచీ తన వైపు ఖర్చులు తగ్గించి చూపించబట్టి సభ దగ్గర మాట చెల్లింది.

నిర్వచనాల పేజీని లాయర్లకు వదిలేయకు. ఫీజు అంటే ట్యూషన్ ఒక్కటేనా, తప్పనిసరి ఫీజులన్నీనా? నర్సింగ్, ఇంజనీరింగ్‌లకు అదనంగా వసూలు చేసేది ఎందులోకి వస్తుంది? ట్యూషన్ ఆపి టెక్నాలజీ ఫీజు, స్టూడెంట్ సెంటర్ ఫీజు పెంచితే తల్లిదండ్రులకు బిల్లు బిల్లే, మీ పరువు పోవడమే మిగులుతుంది. బయటి రాష్ట్రాల పిల్లల సంఖ్య కూడా రాయించు. లోటు పడ్డ యూనివర్సిటీ ముందు చూసేది వాళ్ళ వైపే. కాలిఫోర్నియాలో అది ముదిరి, 2017లో చాలా క్యాంపస్‌లకు 18 శాతం పరిమితి పెట్టాల్సొచ్చింది.

ఇంకొకటి, ఇది చెబితే మీ ఆఫీసులో కొందరికి రుచించదు. ఫీజు ఆపడం పేదపిల్లలకు మేలు అని ప్రసంగాల్లో చెప్తారు. పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటూ రాష్ట్ర సాయమూ కలిసి ఫీజు తీరిపోయే పిల్లకు దీనివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, ఆమె బాధ అద్దె, తిండి. ఎక్కువ లాభం పూర్తి ఫీజు కట్టుకునే ఇళ్ళకే. పైగా చాలాచోట్ల పెంచిన ఫీజులోంచే కొంత తీసి ఆర్థిక సాయానికి పెడతారు, పెంపు ఆగితే ఆ నిధి పెరగడమూ ఆగుతుంది. కాబట్టి మీ పట్టికలో సాయానికి విడిగా ఒక వరస ఉండాలి. దాన్ని వాళ్ళు కొట్టేయకముందు మీరే బేరంలో వదులుకునే ప్రమాదం ఎక్కువ, కాస్త కనిపెట్టి ఉండు.

డ్రాఫ్ట్ వచ్చాక నాకు పంపు. నిర్వచనాలు, ఆ క్లాజు ముందు పంపు. అంకెల పట్టిక నువ్వే రెండుసార్లు సరిచూసుకుంటావు, అందులో నాకు దిగుల్లేదు.

మీ మావయ్య