సగంలో వదిలేసిన డిజిటల్ బొమ్మని పూర్తి చేయాలా, డిలీట్ చేయాలా?

డిలీట్ మాత్రం చేయకండి. పూర్తి చేయాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. మీరు రాసినదాన్ని బట్టి, కొన్నేళ్ళ కిందటి పెయింటింగ్ మళ్ళీ తెరిచారు, లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి, బోలెడు, ఏది ఎందుకు పెట్టారో గుర్తు లేదు, ఫైల్ బరువెక్కి సతాయిస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది "ఇప్పుడు చెయ్యి తిరిగింది కదా, ఆగిన చోటి నుంచి వేసుకుంటూ పోండి" అంటారు. నేను ఒప్పుకోను. బొమ్మ ఆగిపోయేది చేతకాక కాదు. దేనికోసం మొదలుపెట్టామో అది మధ్యలో ఎక్కడో బొమ్మలోంచి జారిపోతుంది, ఆ తర్వాత వేయబుద్ధి కాదు. నేను చూసిన సగం బొమ్మలన్నిటిదీ ఇదే కథ.

నా సగం బొమ్మ రాజమండ్రి గోదావరి, సాయంత్రం పూట. క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో ఏ3 సైజు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 4961 బై 3508 పిక్సెళ్ళు. మొన్న వేసవిలో పాత హార్డ్ డిస్క్‌లో దొరికితే తెరిచాను. ముందు ఒక కాపీ చేసుకుని, అన్నిటికన్నా పైన కొత్త లేయర్ పెట్టి, నలుపు నింపి, ఆ లేయర్ కింది వాటితో ఎలా కలవాలో చెప్పే బ్లెండింగ్ మోడ్‌ని 'కలర్'కి మార్చాను. అలా చేస్తే బొమ్మంతా బ్లాక్ అండ్ వైట్‌లో కనిపిస్తుంది, రంగులు చేసే మాయ పోతుంది. చూస్తే ఆకాశం, నీళ్ళు, బ్రిడ్జి మూడూ ఒకటే బూడిద రంగు. తర్వాత పైనుంచి ఒక్కో లేయర్ కన్ను గుర్తు నొక్కి ఆపుకుంటూ వచ్చాను. నీటి మీద మెరుపులు పోయాయి, ఆర్చ్‌లకు వేలాడే కేబుళ్ళు పోయాయి, మేఘాలు పోయాయి. అట్టడుగున మొదటి రఫ్ స్కెచ్ మిగిలింది. అందులో ఒక జాలరి మనకు వీపు పెట్టి పడవ అంచు మీద కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించి బిగువుగా లాగి పట్టుకుని కుట్టుకుంటున్నాడు. బొమ్మలో సగం అతని వీపే. బ్రిడ్జి అంటే వెనకాల నాలుగైదు వంపు గీతలు, అంతే.

పై లేయర్లలో అతను బొటనవేలంతై ఎడమ మూలకి పోయాడు, ఎందుకంటే బ్రిడ్జి మొత్తం పట్టాలి. నెట్‌లో రాజమండ్రి అని కొడితే వచ్చే ఫోటోలన్నీ ఆర్చ్ బ్రిడ్జివే. పక్కనే 1900 నుంచి 1997 దాకా రైళ్ళని మోసిన హేవలాక్ బ్రిడ్జి ఉందా, దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ, ఇక వల కుట్టుకునే మనిషిని ఎవరు తీస్తారు? రిఫరెన్స్ ఫోటోలు ఇలాగే మన బొమ్మని వాటివైపు లాక్కుపోతాయి. ఫోటో చూసి వేయడం మానేయమని నేను అందరికీ చెప్తాను, ఎవరూ వినరు.

ఇంకోటి, కాపీ పేస్ట్. ఆ ఆర్చ్ బ్రిడ్జికి 28 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. ఒక్క ఆర్చ్ శ్రద్ధగా వేసి, కాపీ చేసి, సైజు తగ్గించుకుంటూ పేస్ట్ చేయమని ట్యుటోరియల్స్ అన్నీ చెప్తాయి. లెక్క కుదురుతుంది, కానీ గోదావరి రాదు. సాయంత్రం రాజమండ్రి గట్టు మీద నిలబడితే పొద్దు అవతలి ఒడ్డున కొవ్వూరు వైపు దిగుతుంది, దగ్గరి ఆర్చ్‌లు నల్లగా గట్టిగా ఉంటాయి, అవతలికి పోయేకొద్దీ అంచులు కరిగి ఆకాశం రంగులో కలిసిపోతాయి. ఏ రెండూ ఒకలా ఉండవు. వీటిని ఒక్కొక్కటీ చేత్తో గీయాల్సిందే, దానికి అడ్డదారి లేదు. ఆ బ్రష్ ప్యాక్‌లు అమ్మేవాళ్ళు ఒకళ్ళు, నీటికో బ్రష్, ఆకులకో బ్రష్, మేఘాలకో బ్రష్, కొనుక్కున్నవాళ్ళందరి మేఘాలూ ఒకే మేఘం! దాన్ని మళ్ళీ టైమ్‌ల్యాప్స్ చేసి పెడితే వేల లైకులు.

నీటి రంగులు వేసేవాళ్ళని చూడండి. తెలుపు ఎక్కడ వదలాలో ముందే తేల్చుకుంటారు, ఎందుకంటే కాగితం తెలుపే వాళ్ళకి వెలుగు, ఒకసారి రంగు పడితే ఆ తెలుపు మళ్ళీ రాదు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది, డిజిటల్ వేసే పిల్లలు ఒక్కసారైనా వెళ్ళాలి. ఆయన 1925లో, ముప్పై ఏళ్ళు కూడా నిండకుండానే పోయారు. ఆ బొమ్మల ముందు కాసేపు నిలబడితే ఏది ముందు వేయాలి, ఏది వదిలేయాలి అని ఎంత ఆలోచించి ఉంటారో తెలుస్తుంది. మనకి వేసింది వెనక్కి తీసుకునే అన్‌డూ ఉంది కాబట్టి ఆలోచన వాయిదా వేస్తాం, లేయర్ మీద లేయర్ పెడతాం, ఏదీ తేల్చుకోం.

అందుకే నేను పాత ఫైల్ మీద ఒక్క గీత కూడా గీయలేదు. ఆ రఫ్ స్కెచ్ ఒక్కటే తీసుకుని కొత్త కాన్వాస్‌లో పెట్టాను. ఇప్పుడు ఏ బొమ్మకైనా ఇదే పద్ధతి. కాన్వాస్ మూలన ఒక్క వాక్యం రాసుకుంటాను, దీనికి "వల కుట్టుకునే మనిషి వీపు మీద సాయంత్రపు ఎండ అంచు" అని రాశాను. తెలుపు, నలుపు, మధ్యలో ఒక బూడిద, ఈ మూడిటితో బొమ్మ నిలబడేదాకా రంగు ముట్టను. బ్రష్ ఒకటే, లేయర్లు మూడు, నాలుగోది కావాలనిపిస్తే కిందివి కలిపేస్తాను. ఆ కలిపే ముందు వచ్చే టెన్షన్ ఉంది చూశారూ, అది కావాలి, అప్పుడే కన్ను సరిగ్గా చూస్తుంది. బ్రిడ్జి చివర్లో వేశాను. దగ్గరి ఆర్చ్‌లు మాత్రం గట్టిగా, మిగతావి తడి బట్టతో తుడిచినట్టు. మా బావగారు చూసి "ఫోటోలా లేదేంటి" అన్నారు, నాకు చాలా సంతోషం వేసింది.

మీ ఫైల్ సంగతి. క్రిటా ఫైలే అయ్యుండి తెరుచుకోకుండా మొరాయిస్తే, కాపీ తీసి దాని చివర డాట్ కేఆర్ఏ (.kra) అన్నది డాట్ జిప్ (.zip)గా మార్చి విప్పండి. లోపల 'మెర్జ్‌డ్‌ఇమేజ్' (mergedimage) అని ఒక పీఎన్‌జీ బొమ్మ ఫైల్ ఉంటుంది, చివరిసారి సేవ్ చేసినప్పటి బొమ్మ మొత్తం అందులో దొరుకుతుంది. ఫైల్ మామూలుగా తెరుచుకుంటే మాత్రం ఈ జిప్ జోలికి పోకుండా నేరుగా అడుగు లేయర్‌కి వెళ్ళండి.