కార్డు మీద సంతకం పెట్టాలా వద్దా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా ఆయన ఒక పెద్ద ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్, చేరి తొమ్మిదేళ్లయింది. వాళ్ల పైలట్లకి సొంత యూనియన్ ఉంది, వేరే ఎయిర్‌లైన్స్‌తో సంబంధం లేనిది. దాన్ని తీసేసి ఆల్పా అనే, చాలా ఎయిర్‌లైన్స్ పైలట్లున్న పెద్ద యూనియన్‌ని తెచ్చుకుందామని ఇప్పుడు మద్దతు కార్డుల మీద సంతకాలు తీసుకుంటున్నారు. అన్నం తినేటప్పుడు ఇదే, వాట్సాప్‌లో ఇదే, ట్రిప్ నుంచి వచ్చి బ్యాగ్ కింద పెట్టకముందే ఇదే. ఆయనకి టెన్షన్, ఆయన్ని చూసి నాకు టెన్షన్. యూనియన్ మారితే సీనియారిటీ పోతుందా? ఉన్న కాంట్రాక్ట్ పోతుందా? సంతకం పెట్టినట్టు కంపెనీకి తెలిసిపోతుందా? అసలు పెట్టాలా వద్దా? - ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: కంపెనీ పేరు మీరు రాయలేదు, నేనూ అడగను. ముందు మీ భయాలు తీర్చేస్తాను, ఎందుకంటే అవి తేలికైనవి. సంతకం సంగతి కంపెనీకి తెలియదు. కార్డులు వెళ్లేది ఏ యూనియన్ ఉండాలో ఓటింగ్ పెట్టి తేల్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ మీడియేషన్ బోర్డుకి, ఎవరు పెట్టారో ఎవరు పెట్టలేదో ఆ బోర్డు కంపెనీకి చూపించదు. కాంట్రాక్ట్ కూడా ఎక్కడికీ పోదు. అమెరికాలో ఎయిర్‌లైన్స్ ఉద్యోగులకి వర్తించేది రైల్వే లేబర్ చట్టం. (రైళ్ల కోసం 1926లో చేసిన చట్టంలోకి 1936లో విమానాల్ని కూడా ఎక్కించారు, పేరు మాత్రం రైల్వేదే ఉండిపోయింది.) ఆ చట్టం కింద కాంట్రాక్ట్‌కి గడువు తీరిపోవడం అంటూ లేదు, ఫలానా తేదీ నుంచి మార్పులకి తెరుచుకుంటుంది, అంతే. కొత్త యూనియన్ వస్తే పాత కాంట్రాక్టే దాని చేతికి వస్తుంది, మళ్లీ మాట్లాడుకునేదాకా అదే నడుస్తుంది.

సంతకం పెట్టినంత మాత్రాన యూనియన్ మారిపోదు కూడా. మొత్తం పైలట్లలో కనీసం సగం మంది కార్డులు పోగవ్వాలి, ఒక్కో కార్డు ఏడాది వరకే చెల్లుతుంది, ఆ తర్వాతే బోర్డు ఓటింగ్ పెడుతుంది. వేసిన ఓట్లలో మెజారిటీ ఎవరికి వస్తే వాళ్లు. గెలిచినవాళ్లని రెండేళ్ల దాకా మళ్లీ కదపడానికి లేదు. ఈ సగం మంది అన్న మెట్టు దగ్గరే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి. డెల్టాలో ఆల్పాని తీసేసి సొంత యూనియన్ పెట్టుకుందామని 2010 తర్వాత కొన్నేళ్లు గట్టిగానే తిరిగారు, ఓటింగ్ దాకా రాలేకపోయారు.

ఇక అసలు కథ సీనియారిటీది. పైలట్ భార్యగా మీకు చెప్పక్కర్లేదు గానీ మిగతా పాఠకుల కోసం చెబుతున్నా. మామూలు ఉద్యోగంలో అనుభవం ఉంటే పక్క కంపెనీకి పోయి ఇంకాస్త ఎక్కువ జీతం అడగొచ్చు. పైలట్‌కి ఆ వీలు లేదు. ఇరవై ఏళ్లు కెప్టెన్‌గా చేసినా సరే, కంపెనీ మారితే కొత్త చోట జాబితాలో చిట్టచివరి నంబరే. ఏ విమానం నడపాలి, ఏ ఊరు బేస్, ఎప్పుడు కెప్టెన్ అవుతాడు, థాంక్స్‌గివింగ్‌కి ఇంట్లో ఉంటాడా హోటల్ గదిలో ఉంటాడా, మందగమనం వస్తే ఫర్లో లెటర్ (మళ్లీ పిలిచేదాకా జీతం లేకుండా ఇంట్లో ఉండమనేది) ముందు ఎవరికి - అన్నీ ఆ నంబరే చెబుతుంది. అందుకే పైలట్ల యూనియన్ గొడవల్లో ఏ పొర విప్పినా చివరికి లోపల ఉండేది సీనియారిటీ జాబితానే.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ యూఎస్ ఎయిర్‌వేస్. మీ ఆయన ఈ కథ వినే ఉంటారు, అయినా ఓపిగ్గా మళ్లీ చదవమనండి.

2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అనే రెండు ఎయిర్‌లైన్స్ కలిశాయి. రెండు వైపులా పైలట్లకి యూనియన్ ఒకటే, ఆల్పా. తూర్పు వాళ్లు, అంటే పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా, షార్లెట్ వైపు ఉన్న పాత యూఎస్ ఎయిర్‌వేస్ వాళ్లు, 5,100 మంది దాకా. అందులో 1,700 మంది అప్పటికే ఫర్లోలో ఇంట్లో ఉన్నారు. పడమటి వాళ్లు, అంటే అమెరికా వెస్ట్ వాళ్లు, ఫీనిక్స్ వైపు, 1,900 మంది. తూర్పు వాళ్లు పాత కాపులు, చాలామందికి పదిహేను ఇరవై ఏళ్ల సర్వీసు. కానీ వాళ్ల కంపెనీ రెండేళ్ల తేడాలో రెండుసార్లు దివాలా తీసింది, 2003లో పెన్షన్ కూడా పోయింది. పడమటి వాళ్లు వయసులో చిన్న, సర్వీసులో చిన్న, కానీ ఉద్యోగాలు నిలకడగా ఉన్నాయి.

ఇప్పుడు రెండు జాబితాలు కలపాలి. చేరిన తేదీ ప్రకారం కలపండి అన్నారు తూర్పు వాళ్లు. మునిగిపోతున్న పడవలోంచి మా పడవలోకి ఎక్కి ముందు సీటు మాదే అంటారేంటి అన్నారు పడమటి వాళ్లు. నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, అందుకే అది అంత ముదిరింది. ఆల్పా నియమాల ప్రకారం జార్జ్ నికొలావ్ అనే మధ్యవర్తి ముందుకు వెళ్లారు, ఆయన తీర్పుకి ఇద్దరూ కట్టుబడాలి. 2007 మేలో తీర్పు వచ్చింది. ఖండాంతర పెద్ద విమానాలు నడిపే తూర్పు సీనియర్లు ఓ 500 మందిని పైన పెట్టారు, ఫర్లోలో ఉన్న 1,700 మందిని అట్టడుగున పెట్టారు, మధ్యలో ఉన్నవాళ్లని ఇటొకరు అటొకరుగా నిష్పత్తి ప్రకారం అల్లేశారు. పదిహేనేళ్లకు పైగా సర్వీసు ఉన్నవాడు, నిన్నగాక మొన్న చేరిన ఫీనిక్స్ కుర్రాడి కింద పడ్డాడు.

తూర్పు వాళ్లకి కడుపు మండింది. పెద్దమనుషుల తీర్పు నచ్చకపోతే ఏం చేస్తారు? పంచాయితీనే మార్చేద్దాం అనుకున్నారు. ఆల్పాని తీసేసి యూసాపా అని సొంత యూనియన్ పెట్టారు, దాని నియమావళిలోనే సీనియారిటీ అంటే చేరిన తేదీ అని రాసుకున్నారు. తలలు లెక్కపెడితే వాళ్లే ఎక్కువ కదా. 2008 ఏప్రిల్‌లో ఓట్లు లెక్కపెట్టారు: యూసాపాకి 2,723, ఆల్పాకి 2,254. దశాబ్దాల నాటి ఆల్పా జెండా అక్కడ దిగిపోయింది.

మరి తూర్పు వాళ్లు కోరుకున్నది వాళ్లకి దక్కిందా? ఇక్కడే మీరు కాస్త ఆగి చదవాలి. రెండు వైపులకీ కలిపి ఒకే కాంట్రాక్ట్ కుదిరితే గానీ కొత్త జాబితా అమల్లోకి రాదు. ఆ నికొలావ్ జాబితా ఎక్కడ నెత్తిన పడుతుందో అని తూర్పు వైపు ఉమ్మడి కాంట్రాక్ట్ తెగనివ్వలేదు. ఫలితం, దివాలా రోజుల్లో కోతలు పడిన జీతాలతోనే వాళ్లు 2013 దాకా నడిపారు. ఒకే రంగు విమానం, ఒకే యూనిఫాం, ఫీనిక్స్ నుంచి ఎగిరేవాడికి ఒక జీతం, ఫిలడెల్ఫియా నుంచి ఎగిరేవాడికి అంతకంటే తక్కువ జీతం. దీనికి తోడు 2007 డిసెంబర్‌లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెరిగింది, అంటే పైవాడు దిగితే నేనెక్కుతా అని లెక్కలేసుకున్నవాళ్లందరికీ ఇంకో ఐదేళ్లు ఎదురుచూపే.

పడమటి వాళ్లు ఊరుకోలేదు, తమకి ఇష్టం లేని యూనియన్ తమ తరఫున మాట్లాడుతూ తమనే ముంచుతోందని ఫీనిక్స్ కోర్టుకెక్కారు. 2009లో జ్యూరీ వాళ్ల వైపు తీర్పిచ్చింది. 2010లో అప్పీల్ కోర్టు, కాంట్రాక్టే ఇంకా కుదరలేదు కదా, ఇప్పుడే ఫిర్యాదేంటి అని కొట్టేసింది. మళ్లీ కేసు. 2015లో అదే అప్పీల్ కోర్టు, యూసాపా పడమటి పైలట్లకి న్యాయంగా ప్రాతినిధ్యం వహించే బాధ్యత తప్పింది అని తేల్చింది. ఈలోగా కంపెనీ పోయి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది, 2014లో యూసాపా కూడా పోయి అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సొంత యూనియన్ ఏపీఏ వచ్చింది, చివరికి అందరినీ కలిపిన జాబితా 2016 సెప్టెంబర్‌లో ఇంకో మధ్యవర్తుల బృందం ఇచ్చింది. 2005లో మొదలైన జాబితా 2016లో తెగింది. ఆ పదకొండేళ్లలో రిటైరైపోయిన వాళ్లు ఏ జాబితా గెలిచినా ఏం చేసుకుంటారు?

ఇదంతా చదివి ఆల్పా మంచిది, సొంత యూనియన్ చెడ్డది అనుకునేరు, ఇంకో కథ కూడా వినండి, ఇది మీ ఊరికి ఇంకా దగ్గరది. డాలస్ పక్కనే ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2001లో టీడబ్ల్యూఏ అనే ఇంకో ఎయిర్‌లైన్‌ని కొన్నది. టీడబ్ల్యూఏ పైలట్లు సుమారు 2,300 మంది, వాళ్ల యూనియన్ ఆల్పా. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లది 1963లో ఆల్పా నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టుకున్న ఏపీఏ. జాబితాలు కలిపేటప్పుడు టీడబ్ల్యూఏ వాళ్లలో సగానికి పైగా కింద అతికించబడ్డారు, తర్వాత ఫర్లోలు వచ్చినప్పుడు ముందు కోసుకుపోయింది వాళ్లే. తమ యూనియన్ ఎందుకు గట్టిగా నిలబడలేదంటే, వేల మంది అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లని తనలోకి లాక్కోవాలన్న ఆశ దానికి ఉంది కాబట్టి అని వాళ్లు కేసు వేశారు. 2011లో న్యూజెర్సీలో జ్యూరీ ఆ మాటే నిజమంది. 2014లో ఆల్పా 5.3 కోట్ల డాలర్లకి రాజీపడింది. అదే కథ వల్ల 2007 చివర్లో ఒక చట్టం కూడా వచ్చింది, కంపెనీలు కలిసినప్పుడు జాబితాలు న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి దగ్గరికి పోవాలి అని. కాబట్టి ఏ యూనియన్ వచ్చినా మీ ఆయన నంబరుని కలంపోటుతో కిందకి నెట్టేయడం ఇప్పుడు అంత తేలిక కాదు.

మరి పెట్టాలా వద్దా అంటే, మీ ఆయన్ని ఇలా అడగండి: ఉన్న యూనియన్ మీద కోపం దేనికి? ఆఫీస్ బేరర్ల కొట్లాటలు, ఫోన్ ఎత్తకపోవడం లాంటివి అయితే లోపలి ఎన్నికల్లో ఓడించడం చౌక. మెడికల్ సర్టిఫికెట్ పోతే సాయం చేసే డాక్టర్ల విభాగం, ప్రమాదాల దర్యాప్తులో కూర్చోగల నిపుణులు, వాషింగ్టన్‌లో పలుకుబడి - ఇవి కావాలంటే పెద్ద యూనియన్ వైపు నిజంగానే బరువుంది. ఫెడెక్స్ పైలట్లు 1996లో ఆల్పాని వదిలి సొంతది పెట్టుకుని 2002లో మళ్లీ ఆల్పాలోకే వచ్చారు, ఎయిర్ కెనడా వాళ్లు కూడా 2023లో అందులో చేరారు. సౌత్‌వెస్ట్ వాళ్లేమో సొంత యూనియన్‌తోనే హాయిగా ఉన్నారు. కానీ ఎవరైనా వచ్చి "యూనియన్ మారిస్తే నీ నంబర్ పైకి జరుగుతుంది" అంటే మాత్రం వాళ్ల కార్డు వాళ్లకే ఇచ్చేయమనండి. నన్నడిగితే సంతకానికి ముందు రెండు యూనియన్ల చందా శాతం, ఆ డబ్బులో ఎంత తమ ఎయిర్‌లైన్ పనికే ఖర్చవుతుంది, ఇప్పుడున్న యూనియన్ ఆస్తులు, కోర్టు కేసులు ఎవరికి పోతాయి - ఈ మూడూ కాగితం మీద అడిగి తీసుకోవాలి. ఇంకోటి, అన్నం దగ్గర ఈ మాట ఎత్తకూడదని ఇంట్లో ఒక కాంట్రాక్ట్ మీరూ రాసుకోండి.

ప్రశ్న: లక్షల్లో, కోట్లలో జీతాలు తీసుకునే పైలట్లకి యూనియన్లు, సమ్మెలు ఎందుకండీ? కూలీలకి కావాలి గానీ. - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలామంది అడిగేదే. పైన చెప్పినట్టు పైలట్ కంపెనీ మారితే మొదటి మెట్టుకి పోవాలి, అంటే నచ్చకపోతే వెళ్లిపోతా అనే బెదిరింపు అతని దగ్గర లేదు. ఆల్పా 1931లో పుట్టినప్పుడు గొడవ జీతం ఒక్కటే కాదు, వాతావరణం బాలేదు ఎగరను అన్న పైలట్‌ని ఇంటికి పంపేసే రోజులవి. ఈ రోజుకీ పైలట్ "నాకు నిద్ర చాల్లేదు, ఈ ఫ్లైట్ తీసుకోను" అన్నప్పుడు అతని వెనక ఎవరో ఒకరు ఉండటం వెనక సీట్లో కూర్చున్న మీకూ నాకూ మంచిదే కదా.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే ఒక ప్రైవేటు ఎయిర్‌లైన్‌లో కొత్తగా చేరాడు. మన దేశంలో కూడా అమెరికాలోలాగా ఓటు వేసి యూనియన్ మార్చుకోవచ్చా? - ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: అలాంటి బోర్డు, అలాంటి కార్డుల పద్ధతి మనకి లేవు. 2025 దాకా ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కనీసం ఏడుగురు కలిసి యూనియన్ రిజిస్టర్ చేసుకోనిచ్చింది, కానీ ఆ యూనియన్‌తో కంపెనీ మాట్లాడి తీరాలని అందులో లేదు. గుర్తింపు ఇచ్చేదీ తీసేసేదీ యాజమాన్యమే అయితే ఏమవుతుందో ఎయిర్ ఇండియాలో చూశాం. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని అందులో కలిపారు, అక్కడా ఇదే సీనియారిటీ, జీతాల తేడాల తంటా. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సంఘం 2011లో సమ్మె చేస్తే దాని గుర్తింపు రద్దు చేశారు. మరుసటి ఏడాది డ్రీమ్‌లైనర్ అనే కొత్త విమానాల ట్రైనింగ్ ఎవరికివ్వాలన్న గొడవ మీద పాత ఎయిర్ ఇండియా వాళ్ల పైలట్స్ గిల్డ్ 58 రోజులు విమానాలెక్కలేదు, దాని గుర్తింపూ పోయింది. ఒకే కంపెనీ, రెండు సంఘాలు, ఒకరు ఆగినప్పుడు ఇంకొకరు ఎగిరారు.

2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒకటికి మించి యూనియన్లు ఉన్నచోట, 51 శాతం మంది వర్కర్ల మద్దతున్నది ఉంటే యాజమాన్యం దానితోనే మాట్లాడాలి. పేపర్ మీద ఇది మీరు అడిగినదానికి దగ్గరగానే ఉంది. అయితే పైలట్ "వర్కర్" కిందకి వస్తాడా, అధికారి కిందకి వస్తాడా అన్నది మన కోర్టుల్లో పాత తగాదా, కంపెనీ వకీలు మొదట పట్టుకునేది ఆ పాయింటే. మీ అబ్బాయి చేరింది మొన్ననే కాబట్టి యూనియన్ సంగతి అటుంచి, శిక్షణ బాండ్‌లో ఎన్నేళ్లు రాశారో, నోటీసు గడువు ఎన్ని నెలలో ముందు ఆ కాగితాలు తీసి ఒకసారి చదవమనండి.